తెరచాప యుద్ధనౌకల అసలు ప్లాన్లు ఎక్కడున్నాయి? మీ ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో చెక్క ఓడల నమూనాలు తయారు చేసేవాళ్ళ గురించి రాశాక, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే అడిగాయి. రెండు మూడు వందల ఏళ్ళ కిందటి తెరచాప యుద్ధనౌకల అసలు డిజైన్ కాగితాలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి, మామూలు వాళ్ళు చూడొచ్చా అని. చూడొచ్చు, చాలా వాటిని ఇంట్లో కూర్చునే చూడొచ్చు, కాకపోతే ఎలా వెతకాలో తెలియాలి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాను, కొన్నిటికి జవాబు కాస్త పెద్దదే అయింది.

ప్రశ్న: ఓడల మరమ్మతు పని చేసి రిటైరయ్యాను. 1804లో మా విశాఖ తీరంలో ఫ్రెంచి వాళ్ళతో పోరాడిన సెంచూరియన్ అనే ఇంగ్లీషు ఓడ నమూనా చేద్దామని మొదలుపెట్టాను. నెట్‌లో ఆ పేరుతో ప్లాన్ దొరికింది కానీ దాన్ని బట్టి చూస్తే అది 60 ఫిరంగుల ఓడ, చరిత్ర పుస్తకాల్లో మాత్రం 50 అని ఉంది. ఓడ ఆకారం కూడా ఇంకా పాతకాలం దానిలా అనిపిస్తోంది. ఏది నమ్మమంటారు? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: మీకు దొరికింది వేరే సెంచూరియన్ సార్. బ్రిటిష్ నేవీలో ఒక ఓడ పోతే దాని పేరు ఇంకో ఓడకు పెట్టేయడం మామూలే. మీరు చూసింది 1732లో పోర్ట్స్‌మత్‌లో నీళ్ళలోకి దింపిన 60 ఫిరంగుల ఓడ అయి ఉంటుంది. ఇంగ్లీషు నౌకాధికారి ఆన్సన్ 1740 నుంచి 1744 దాకా ప్రపంచం చుట్టి వచ్చింది, దారిలో 1743లో స్పెయిన్ వాళ్ళ మనీలా నిధి ఓడను పట్టుకున్నదీ ఆ సెంచూరియన్ మీదే, అందుకే పేరు కొట్టగానే ముందు అదే వస్తుంది. విశాఖ ముందు నిలబడింది 1774లో హార్విచ్‌లో కట్టిన 50 ఫిరంగుల సెంచూరియన్. 1804 సెప్టెంబరులో ఫ్రెంచి అడ్మిరల్ లినోయిస్ 74 ఫిరంగుల మారెంగోతో, అటలాంట్, సెమిలాంట్ అనే రెండు ఫ్రిగేట్లు (కాస్త చిన్నవి, వేగమైన యుద్ధనౌకలు) వెంటబెట్టుకుని వచ్చినప్పుడు విశాఖ రేవులో కాపలాగా ఉన్న యుద్ధనౌక ఇదొక్కటే. పక్కన ఉన్న వర్తక ఓడల్లో బార్నబీ ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలిపోయింది, ప్రిన్సెస్ షార్లెట్ ఫ్రెంచి వాళ్ళకు చిక్కింది, సెంచూరియన్ మాత్రం బాగా దెబ్బతిని కూడా లొంగలేదు, చివరికి లినోయిసే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మన తీరంలో జరిగిన ఇంత పెద్ద సంగతి మన పిల్లల పాఠాల్లో ఒక్క వాక్యం కూడా లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది, కాబట్టి మీరు ఈ ఓడ నమూనా చేస్తున్నందుకు నిజంగా సంతోషం.

ఇక వెతికే పద్ధతి. ఓడ పేరు ఒక్కటే పట్టుకుని ఎప్పుడూ వెతకకండి. పేరు, నీళ్ళలోకి దింపిన సంవత్సరం, కట్టిన యార్డు, అది ఏ తరగతికి చెందింది అన్న నాలుగూ ముందు ఒక కాగితం మీద రాసుకోండి. మీ సెంచూరియన్ శాలిస్‌బరీ తరగతి ఓడ, అంటే 1769 నాటి శాలిస్‌బరీ కోసం గీసిన డిజైన్ మీదే దీన్నీ కట్టారు. అలా ఒకే డిజైన్ మీద కొన్ని ఓడలు కట్టినప్పుడు ప్లాన్ షీటు మీద రెండు మూడు పేర్లు ఉంటాయి, కేటలాగులో మాత్రం మొదటి పేరు కిందే చేరిపోతుంది, సెంచూరియన్ అని వెతికినవాడికి ఆ షీటు కనిపించదు. శాలిస్‌బరీ 1769 అని వెతికి చూడండి.

ఈ కాగితాలు లండన్‌లోని గ్రీనిచ్‌లో ఉన్న నేషనల్ మారిటైమ్ మ్యూజియం చేతిలో ఉన్నాయి. ఒకప్పుడు బ్రిటిష్ నేవీ ఓడల పని చూసుకున్న నేవీ బోర్డు ఆఫీసులో దాచుకున్న ప్లాన్లే అవి, 18వ శతాబ్దం మొదట్నుంచీ వరుసగా ఉన్నాయి, మ్యూజియం వెబ్‌సైట్‌లో వేల షీట్ల ఫొటోలు పెట్టారు. తెరచాపల కాలం ప్లాన్ల నంబర్లు జెడ్‌ఏజెడ్ అనే మూడు అక్షరాలతో మొదలవుతాయి, అవి కూడా కలిపి వెతికితే అనవసరమైన బొమ్మలూ పతకాలూ అడ్డం రావు. వికీమీడియా కామన్స్‌లో కూడా చాలా షీట్లు ఎక్కించి ఉన్నాయి.

ప్లాన్ ఒక్కటే సరిపోదు. ఓడ 1804లో ఎలా ఉందో తెలియాలంటే 30 ఏళ్ళలో దానికి జరిగిన మార్పులు కూడా చూడాలి. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏడీఎం 180 అనే వరుసలో ఓడ ఎప్పుడు ఏ డాక్‌లోకి వెళ్ళింది, ఎంత ఖర్చయింది అన్న రిజిస్టర్లు ఉంటాయి. ఏడీఎం 51లో కెప్టెన్ల లాగ్ పుస్తకాలు (ప్రయాణంలో రోజూ రాసినవి), ఏడీఎం 52లో ఓడ దారి చూసుకునే అధికారులైన మాస్టర్ల లాగ్‌లు ఉంటాయి.

మారెంగో నమూనా కూడా పక్కన పెట్టాలనుకుంటే ఇంకో చిట్కా. అది ఫ్రెంచి డిజైనర్ సానే గీసిన తెమెరేర్ తరగతి ఓడ, ఆ ఒక్క డిజైన్ మీద వందకు పైగా ఓడలు కట్టారు. అదే తరగతికి చెందిన పాంపే 1793లో తూలాన్‌లో ఇంగ్లీషు వాళ్ళ చేతికి వచ్చింది, దాని ఆకారాన్నే అనుసరించి వాళ్ళు అకిలీ, సూపర్బ్ అనే రెండు ఓడలు కట్టుకున్నారు కూడా. కాబట్టి మారెంగో కోసం ఫ్రాన్స్‌కు వెళ్ళే ముందు గ్రీనిచ్‌లో పాంపే పేరు మీద చూడండి.

ప్రశ్న: నేను ఇంటర్ చదువుతున్నాను. స్వీడన్‌లో మొదటి ప్రయాణంలోనే మునిగిపోయిన వాసా ఓడ అసలు ప్లాన్ చూడాలని ఉంది. ఎంత వెతికినా కొత్తగా గీసిన డ్రాయింగులే వస్తున్నాయి. అసలుది దాచేశారా? (ఒక విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: ఎవరూ దాచలేదమ్మా, అసలు గీయనే లేదు. మన ఊళ్ళలో పాతకాలం మేస్త్రీ కాగితం లేకుండా కొలతాడుతోనే ఇల్లు లేపినట్టు, 1600ల మొదట్లో పెద్ద పెద్ద యుద్ధనౌకలు కూడా ఓడ మేస్త్రీ మనసులోని లెక్కల మీదే లేచేవి. వాసా కట్టిన హెన్రిక్ హైబర్ట్‌సన్ హాలెండ్ నుంచి వచ్చినవాడు. పొడవు ఇంత, వెడల్పు ఇంత, అడుగు దూలం ఇంత అని ముఖ్యమైన కొలతలు ఒప్పందంలో ఉండేవి, మిగతాదంతా డచ్చి వాళ్ళ అలవాటు ప్రకారం అనుభవంతో చేసుకుంటూ పోయేవాళ్ళు. పని పూర్తి కాకముందే 1627లో ఆయన చనిపోయాడు, ఆయన కింద పనిచేసిన హైన్ యాకబ్‌సన్ పూర్తి చేశాడు. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవు నుంచి బయల్దేరిన ఆ 64 ఫిరంగుల ఓడ కిలోమీటరు దాటి కాస్త దూరం పోయిందో లేదో గాలికి ఒరిగి, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్ళు వచ్చి మునిగిపోయింది. 1961 ఏప్రిల్ 24న పైకి తీశారు.

నువ్వు చూస్తున్న డ్రాయింగులు ఓడను పైకి తీశాక దాన్నే కొలిచి గీసినవి. వాటిని తక్కువగా చూడకు, ఈ ఓడ విషయంలో ఓడే అసలు పత్రం. ఆ కొలతల్లో బయటపడిన సంగతులు ఏ ప్లానూ చెప్పలేనివి. ఓడలో పనివాళ్ళ కొలబద్దలు నాలుగు దొరికాయి, రెండు స్వీడన్ అడుగుల్లో, రెండు ఆమ్‌స్టర్‌డామ్ అడుగుల్లో. స్వీడన్ అడుగు దాదాపు 297 మిల్లీమీటర్లు, 12 అంగుళాలు. ఆమ్‌స్టర్‌డామ్ అడుగు దాదాపు 283 మిల్లీమీటర్లు, అందులో 11 అంగుళాలే. రెండు రకాల బద్దలతో రెండు జట్లు ఒకే ఓడ మీద పనిచేశాయన్నమాట, ఓడ ఎడమ కుడి పక్కలు సరిగ్గా ఒకేలా లేవు కూడా.

అంతకు ముందు ఎవరూ గీయలేదా అంటే, గీశారు. ఇంగ్లండ్‌లో మాథ్యూ బేకర్ అనే ఓడ మేస్త్రీ 1580లలో గీసిన డ్రాయింగులు కేంబ్రిడ్జ్‌లోని మాగ్డలీన్ కాలేజీలో, పెపిస్ లైబ్రరీలో ఉన్నాయి. ఓడ కింది భాగం ఏ ఆకారంలో ఉండాలో చూపించడానికి ఆయన ఒక పెద్ద చేప బొమ్మను ఓడ మీదే గీశాడు, ఆ పేజీ నెట్‌లో సులువుగా దొరుకుతుంది, తప్పకుండా చూడు. కానీ అవి ఆయన ఆలోచనల పుస్తకం లాంటివి, ప్రతి ఓడకూ ప్లాన్ గీసి ఆఫీసులో దాచాలన్న పద్ధతి స్థిరపడింది 18వ శతాబ్దంలోనే.

ప్రశ్న: మా నాన్నగారి కాలం నుంచి ముంబయిలో స్థిరపడ్డాం. ఇక్కడి వాడియాలు ఇంగ్లీషు నేవీకి టేకు యుద్ధనౌకలు కట్టారని, ఒకటి ఇంకా నీళ్ళ మీద తేలుతూనే ఉందని విన్నాను. వాటి ప్లాన్లు ఇక్కడే గీశారా? ఇక్కడే దొరుకుతాయా? (ఒక పాఠకుడు, ముంబయి)

జవాబు: తేలుతున్నది ట్రింకొమలీ. 1817 అక్టోబరు 12న బొంబాయిలో జంషెడ్జీ బొమన్జీ వాడియా చేతుల మీదుగా నీళ్ళలోకి దిగింది, ఇప్పుడు ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో హార్టిల్‌పూల్‌లో ఉంది, నీళ్ళ మీద ఉన్న బ్రిటిష్ యుద్ధనౌకల్లో అన్నిటికంటే పాతది అదే. దాని ప్లాన్ ప్రయాణం చాలా బాగుంటుంది, కాస్త వివరంగా చెబుతాను.

మొదలు ఇంగ్లండ్‌లో కాదు, ఫ్రాన్స్‌లో. సానే డిజైన్ చేసిన ఎబే అనే ఫ్రెంచి ఫ్రిగేట్‌ను 1782లో ఇంగ్లీషు వాళ్ళు పట్టుకున్నారు. బాగా నడిచే ఓడ చేతికి చిక్కితే వాళ్ళు చేసే మొదటి పని దాన్ని పొడి డాక్‌లోకి, అంటే నీళ్ళు తోడేసిన డాక్‌లోకి, తీసుకెళ్ళి పక్కలన్నీ కొలిచి కాగితం మీదికి ఎక్కించడం. అలా గీసిన ఎబే ఆకారం నుంచే లీడా తరగతి పుట్టింది. నెపోలియన్ యుద్ధాల్లో ఓక్ కలపకు కరువొచ్చి, బొంబాయిలో టేకుతో కొన్ని ఓడలు కట్టించాలని లండన్‌లో బ్రిటిష్ నేవీని నడిపే అడ్మిరల్టీ నిర్ణయించినప్పుడు లీడా తరగతి ప్లాన్ల కాపీలు ఇక్కడికి పంపారు. వాటిని మోసుకొస్తున్న ఓడ జావా. అది 1812 డిసెంబరు 29న బ్రెజిల్ తీరంలో అమెరికా యుద్ధనౌక కాన్‌స్టిట్యూషన్‌కు ఎదురుపడింది. కొన్ని గంటల పోరాటంలో జావా తెరచాప స్తంభాలన్నీ విరిగిపోయాయి, కెప్టెన్ హెన్రీ లాంబర్ట్ గాయాలతో చనిపోయాడు, ఇక బాగుచేయలేమని అమెరికా వాళ్ళు ఓడను తగలబెట్టేశారు. బొంబాయికి రావలసిన ప్లాన్లు దానితో పోయాయి.

అప్పుడు జరిగిన రెండు పనులు చూడండి. ట్రింకొమలీ కోసం లండన్ నుంచి మళ్ళీ కాపీలు తయారు చేయించి స్టర్లింగ్ కాజిల్ అనే ఓడలో పంపారు, అందుకే 1812లో ఆర్డరైన ఓడ పని 1816లో గానీ మొదలు కాలేదు. 74 ఫిరంగుల వెల్లెస్లీ విషయంలో మాత్రం ఆగలేదు. దాని ప్లానూ జావాలోనే పోయింది, అయితే 1813లో అదే యార్డులో దింపిన కార్న్‌వాలిస్ ఆకారం చేతిలో ఉంది కదా, దాని ప్రకారమే వెల్లెస్లీని కట్టి 1815లో దింపేశారు. వాడియా మేస్త్రీల సత్తా గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఈ సంగతే. కార్న్‌వాలిస్ మీదే 1842లో చైనాతో నాన్‌కింగ్ సంధి సంతకాలయ్యాయి. వెల్లెస్లీ 1940లో థేమ్స్ నదిలో జర్మన్ విమానాల బాంబు దెబ్బకు మునిగేదాకా ఏదో ఒక పనిలో ఉంటూనే వచ్చింది, అంటే 125 ఏళ్ళు.

కాబట్టి మీ ప్రశ్నకు జవాబు: డిజైన్ గీసింది ఇక్కడ కాదు, ఓడ కట్టింది ఇక్కడ. మూల ప్రతులు లండన్ ఆఫీసులోనే ఉండిపోయేవి, ఇప్పుడు గ్రీనిచ్‌లో ఉన్నాయి. ట్రింకొమలీ అనే కాకుండా లీడా, ఎబే పేర్లతో కూడా వెతకండి. అదే తరగతిలో ఛాటమ్‌లో కట్టిన యూనికార్న్ 1824 నాటిది స్కాట్లండ్‌లోని డండీలో ఇప్పటికీ ఉంది, దాన్నీ చూసుకోవచ్చు. ముంబయిలో చేయదగ్గ పని వేరే ఉంది: మహారాష్ట్ర స్టేట్ ఆర్కైవ్స్‌లో బొంబాయి ప్రభుత్వ పాత ఫైళ్ళు ఉన్నాయి, టేకు కొనుగోళ్ళు, యార్డుకు రాసిన ఉత్తరాలు, జీతాల గొడవలు, ఇలాంటివి లండన్ ప్లాన్‌లో కనిపించవు. ముంబయిలోనే ఉండి ఆ గదిలోకి వెళ్ళగలిగే అవకాశం మీకుంది, దయచేసి వెళ్ళండి.

ఒక జాగ్రత్త. ట్రింకొమలీని 1840లలో ఫిరంగులు తగ్గించి 26 ఫిరంగుల కార్వెట్‌గా (ఫ్రిగేట్ కంటే చిన్న యుద్ధనౌకగా) మార్చినప్పుడు వెనుక భాగం ఆకారం కూడా మార్చారు. 1817 నాటి ప్లాన్‌నూ ఇప్పటి ఫొటోలనూ పక్కపక్కన పెట్టి తేడా వచ్చిందని కంగారు పడకండి.

ప్రశ్న: నాకు కావలసిన ఫ్రెంచి ఓడ ప్లాన్ పోయిందని మ్యూజియం వాళ్ళే రాశారు. ఇంక ఆశ వదులుకోవడమేనా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: వద్దు. మీలాగే ఆశ వదులుకుని ఉంటే ఎర్మియోన్ మళ్ళీ పుట్టేది కాదు. 1780లో ఫ్రెంచి సేనాని లాఫాయెట్‌ను బోస్టన్ తీసుకెళ్ళిన ఎర్మియోన్ ఫ్రిగేట్‌ను రోష్‌ఫోర్‌లో మళ్ళీ నిలువెత్తున కట్టాలని 1997లో పని మొదలుపెట్టినప్పుడు వాళ్ళ దగ్గర అసలు ప్లాన్ లేదు. కానీ దాని జోడు ఓడ కాంకోర్డ్‌ను 1783లో ఇంగ్లీషు వాళ్ళు పట్టుకుని, అలవాటు ప్రకారం డాక్‌లో కొలిచి గీసి పెట్టుకున్నారు. ఆ షీట్ల ఆధారంగానే కొత్త ఎర్మియోన్ తయారై 2015లో అట్లాంటిక్ దాటి అమెరికా వెళ్ళొచ్చింది. ఫ్రెంచి ఓడ ప్లాన్ శత్రువు ఆఫీసులో భద్రంగా ఉందన్నమాట.

మీ ఓడకు కూడా ఇవే అడగండి. జోడు ఓడలు ఏవి? వాటిలో ఎవరికైనా చిక్కినవి ఉన్నాయా? ఏ యార్డులో కట్టారు? ఫ్రాన్స్‌లో పారిస్ పక్కన వాంసెన్‌లో రక్షణ శాఖ చరిత్ర విభాగం ఉంది, దానికి బ్రెస్ట్, రోష్‌ఫోర్, తూలాన్, లోరియాం, షెర్‌బూర్ రేవుల్లో శాఖలున్నాయి. వాంసెన్‌లో లేని కాగితం కట్టిన రేవులో ఉండొచ్చు. డెన్మార్క్‌ను మాత్రం మరిచిపోకండి. ఆ కాలంలో డేన్లు తమ ఓడ ఇంజనీర్లను ఇంగ్లండ్, ఫ్రాన్స్ యార్డులకు పంపి అక్కడి డిజైన్లను కాపీ చేయించి తెచ్చుకున్నారు, కోపెన్‌హేగన్ నేషనల్ ఆర్కైవ్స్ ఓడ డ్రాయింగుల్లో పరాయి దేశాల ఓడలు కూడా ఉన్నాయి, స్కాన్లు నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. స్పెయిన్ ఓడలైతే సిమాంకాస్ కోటలోని ఆర్కైవ్, మాడ్రిడ్ నేవీ మ్యూజియం చూడాలి. అమెరికా ఫ్రిగేట్లవి వాళ్ళ నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 19లో ఉంటాయి.

కాగితమే లేకపోతే చెక్క నమూనా ఉందేమో చూడండి. ఇంగ్లండ్‌లో 1600ల రెండో సగం నుంచి ఓడ కట్టే రోజుల్లోనే 48వ వంతు సైజులో నమూనాలు చేసే పద్ధతి ఉంది, ప్లాన్లు దొరకని కాలానికి అవే పెద్ద ఆధారం. గ్రీనిచ్ మ్యూజియం నమూనాల్లో చాలా భాగం ఛాటమ్ డాక్‌యార్డులో దాచారు, అమెరికాలో అనాపొలిస్‌లోని నేవల్ అకాడమీ మ్యూజియంలో కూడా మంచి సేకరణ ఉంది.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఖాళీ టైమ్‌లో 3డీ మోడలింగ్ చేస్తాను. 74 ఫిరంగుల ఇంగ్లీషు ఓడ ప్లాన్ డౌన్‌లోడ్ చేసి దాని మీద గీతలు గీసుకుంటూ మోడల్ చేశాను. వెడల్పు రికార్డుల్లో ఉన్నదానికంటే తక్కువ వస్తోంది, మూడు కోణాలు ఒకదానితో ఒకటి కలవడం లేదు. నెల రోజులుగా ఇదే టెన్షన్. ప్లానే తప్పా? (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: ప్లాన్ సరైనదే అయి ఉంటుంది. వెడల్పు తగ్గడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఆ గీతలు ఓడ బయటి తోలువి కావు. ఇంగ్లీషు ప్లాన్ మీద ఉన్న ఆకారం పక్కటెముకల బయటి అంచుది, దాని మీద కొట్టే పలకల మందం అందులో ఉండదు. పలకల మందం కూడా ఒకేలా ఉండదు, ఫిరంగుల వరుస కిందుగా ఓడ చుట్టూ పట్టీలా కొట్టే బలమైన పలకలు మిగతా వాటికంటే బాగా మందం. ముందు పక్కటెముకల ఆకారం పూర్తి చేసుకుని, పలకలు వేరే పొరగా వేయండి, రెండు పక్కలా కలిపితే మీ లోటు తీరిపోతుంది.

మూడు కోణాలు కలవకపోవడానికి కారణాలు ఎక్కువే. కాగితం రెండున్నర శతాబ్దాల్లో తేమకు సాగుతుంది, కుంచించుకుపోతుంది, అదీ పొడవు వైపు ఒకలా, అడ్డం వైపు ఒకలా. ఫొటో తీసేటప్పుడు లెన్స్ కొంత వంచుతుంది. అందుకని 1:48 అని నేరుగా గుణించకండి, షీటు మీద గీసిన స్కేలు గీతను కొలిచి దాన్ని బట్టి సరిచేయండి, ఆ తర్వాత కీలు (ఓడ అడుగు దూలం) పొడవు, డెక్ పొడవు రికార్డుతో సరిపోల్చండి. అప్పటికీ కొద్దిగా తేడా వస్తుంది, వస్తే బాధపడకండి. అర మిల్లీమీటరు సిరా గీత అసలు ఓడ మీద 24 మిల్లీమీటర్లు. ఆ రోజుల్లో కూడా ఆ తేడాను కాగితం మీద సరిచేసేవాళ్ళు కాదు, పెద్ద హాలు నేల మీద ఓడ గీతలన్నీ అసలు సైజులో మళ్ళీ గీసి, వంపులు నున్నగా వచ్చేదాకా సరిచేసి, ఆ గీతల మీదే చెక్క అచ్చులు కోసుకుని వాటితో కలప కోసేవాళ్ళు. విక్టరీ ఓడకు అలా గీసిన హాలు ఛాటమ్‌లో ఇప్పటికీ నిలబడి ఉంది. మీరు కంప్యూటర్లో చేసేది ఆ నేల మీది పనే, కాబట్టి ప్లాన్‌ను గుడ్డిగా అనుసరించాల్సిన పని లేదు, గీత నున్నగా రావడమే ముఖ్యం.

గుర్తులు కూడా చెప్పేస్తాను. ఎదురుగా చూసే బొమ్మలో కుడి సగం ఓడ ముందు భాగానిది, ఎడమ సగం వెనుకది. ఓడ రెండు పక్కలూ ఒకటే కాబట్టి పైనుంచి చూసేదీ సగమే గీస్తారు. బాగా వెడల్పైన చోట వృత్తంలో ఇంటూ గుర్తు ఉంటుంది, అక్కడ్నుంచి ముందుకు అక్షరాలు, వెనక్కి అంకెలు. పైకి పోయేకొద్దీ పక్కలు లోపలికి వంగడం మీ పొరపాటు అనుకుని నిటారుగా చేయకండి, బరువైన ఫిరంగులు ఓడ మధ్యకు దగ్గరగా ఉండటానికే అలా కట్టేవారు. రంగు సిరా ఉంటే షీటు మీది రాతను శ్రద్ధగా చదవండి, ఎర్ర గీతలు సాధారణంగా తర్వాత చేసిన మార్పులవి, నల్లటివాటితో కలిపేస్తే ఏ కాలంలోనూ లేని ఓడ తయారవుతుంది. విక్టరీనే తీసుకోండి. థామస్ స్లేడ్ డిజైన్ చేసి, 1759లో కీలు వేసి, 1765లో దింపినప్పుడు దాని వెనుక భాగంలో బయటికి తెరుచుకునే వరండాలుండేవి. 1800 నుంచి 1803 దాకా జరిగిన పెద్ద మరమ్మతులో అవి మూసేశారు. 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో పోరాడిందీ, ఇవాళ పోర్ట్స్‌మత్‌లో జనం చూసేదీ మూసిన తర్వాతి రూపం.

ఇంకొకటి, ఫ్రెంచి ప్లాన్‌కు ఎప్పుడైనా మారితే వాళ్ళ అడుగు 324.8 మిల్లీమీటర్లు, ఇంగ్లీషు అడుగు 304.8. స్పెయిన్ బుర్గోస్ అడుగు 278.6 మాత్రమే. ఇది చూసుకోకపోతే 170 అడుగుల ఫ్రెంచి ఓడ మీ చేతిలో దాదాపు మూడున్నర మీటర్లు కుదించుకుపోతుంది.

ప్రశ్న: మా ముత్తాతల వైపు వాళ్ళు కోరంగిలో ఓడలు కట్టేవాళ్ళని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ ఓడల ప్లాన్లు కూడా ఇంగ్లండ్‌లో ఉంటాయా? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: కోరంగిలో కట్టినవి ఎక్కువగా వర్తక ఓడలమ్మా, నేవీ ఆఫీసు కాగితాల్లోకి అవి ఎక్కలేదు. మన సంప్రదాయ మేస్త్రీలు కాగితం మీద గీసేవాళ్ళు కాదు, కొలతలు నోటి లెక్కగా తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. అయినా కోరంగికి యుద్ధనౌకలతో సంబంధం లేకపోలేదు. 1802లో ఎబెనెజర్ రోబక్ అనే ఆయన అక్కడ ఒక డాక్ కట్టించాడు, బ్రిటిష్ నేవీ ఓడ ఆల్బట్రాస్ మరమ్మతుకు అందులోకి వచ్చింది. 1789, 1839 తుపానుల్లో ఉప్పెన వచ్చి ఆ రేవు ఎంతగా దెబ్బతిన్నదో మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు.

మీరు వెతకాల్సింది డ్రాయింగులను కాదు, రాతలను. చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలం రికార్డులున్నాయి, లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఈస్టిండియా కంపెనీ రికార్డులున్నాయి. రేవు లెక్కలు, కలప కొనుగోళ్ళు, మరమ్మతు బిల్లులు చూడండి, ఓడ పేరు, టన్నులు, కట్టిన ఊరు, యజమాని పేరు అలాంటి చోట్లే దొరుకుతాయి. అంతకంటే ముందు చేయాల్సిన పని ఇంకోటుంది, అది వాయిదా వేయొద్దని గట్టిగా చెబుతున్నాను. తాళ్ళరేవు చుట్టుపక్కల కలప పడవలు కట్టే పెద్ద మేస్త్రీలు ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చుని, కీలు పొడవుకు వెడల్పు ఎంత పెడతారు, ముందు వంపు ఎలా తీస్తారు, ఏ భాగాన్ని ఏ పేరుతో పిలుస్తారు అని అడిగి, వాళ్ళు చెప్పిన మాటల్లోనే రాసుకోండి, వీలైతే రికార్డ్ చేయండి. టేపు పట్టుకుని ఒక్క పడవనైనా అడుగడుక్కీ కొలవండి. వాసాకు మూడు వందల ఏళ్ళ తర్వాత చేసిన పని ఇదే, మీకు చెప్పేవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

ప్రశ్న: మ్యూజియం సైటులోని ప్లాన్ ప్రింట్ తీసి మా స్కూల్లో పెట్టొచ్చా? నమూనాలు చేసి అమ్మొచ్చా? (ఒక టీచరు, వరంగల్)

జవాబు: 18వ శతాబ్దం డ్రాయింగుకు ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు, కానీ మ్యూజియాలు తాము తీసిన ఫొటో మీద షరతులు పెడతాయి. ప్రతి ఫొటో కింద ఆ షరతు రాసి ఉంటుంది, చదివాకే వాడండి. పిల్లలకు చూపించడానికి సైటులో కనిపించే సైజు చాలు. గోడ మీద పెద్దదిగా కావాలన్నా, నమూనా చేయడానికి కొలతలు తీయాలన్నా మ్యూజియం నుంచి పెద్ద ప్రింటు డబ్బు కట్టి తెప్పించుకోండి, చిన్న ఫొటోను సాగదీస్తే గీతలు చెదిరిపోతాయి. ఆర్డరు చేసేటప్పుడు ఓడ పేరుతో పాటు షీటు నంబరు తప్పకుండా రాయండి, ఒకే ఓడకు పక్క నుంచి చూసేది, డెక్‌లవి, లోపలి గదులవి అంటూ నాలుగైదు షీట్లు ఉండొచ్చు. మీరు చేసిన నమూనా అమ్ముకోవడానికి ఆ పాత డిజైన్ అడ్డం రాదు. వేరేవాళ్ళు ఈ మధ్య గీసి అమ్ముతున్న ప్లాన్ వాడితే మాత్రం ముందు వాళ్ళ అనుమతి తీసుకోండి.